ఆది జాకెట్టు

"తొమ్మిదిన్నర కొట్టిందంటే చాలబ్బయా,
నెట్టు నిద్రపోతా ఉండాది" అనింది ఫోన్లో.
నెల్లాళ్ళుగా అదే ఫిర్యాదు.
మా ఆఫీసు పుస్తకంలో ఆమె పేరు పక్కన
నాలుగు టిక్కులు,
నాలుగుసార్లూ ఒకే మాట: లైను బాగుంది.
పోయినోళ్ళందరూ పగలే పోయినారు.
పగలు బాగానే ఉంటాది మరి.

నేను రాత్రి పొయ్యా.
కావలి నించి బిట్రగుంట దాకా
రోహిణి కార్తె వడగాలి, పొద్దుగూకినా చల్లబడలా.
రైలు పోయి ఎంతసేపయినా గేటు ఎత్తలా.
హారన్లు కొట్టీ కొట్టీ విసుగొచ్చి
బండి ఆపేసి కూర్చున్నా.

మాలకొండమ్మ టైలరింగు, లోపల రెండు గదులు.
మిషను మీద సగం కుట్టిన చేతులు.
వంకెకు వరసగా ఆది జాకెట్లు,
ఒక్కోదానికీ పిన్నుతో గుచ్చిన చీటీ:
"రైల్వే క్వార్టర్స్ సుగుణ, చంకల్లో ఒదులు."
బీరువా మీద రౌటరు
అల్లిక గుడ్డ కప్పుకొని
పచ్చ లైట్లు ఆర్పుతా ఎలిగిస్తా ఉండాది.

"మునుపొచ్చిన పిల్లోడు చెప్పినాడు,
ఎనకమాల బెజ్జంలో పొడిస్తే అంతా సరవుద్దంట"
అని మిషను సూది తీసి చేతికిచ్చింది.
వద్దమ్మా అన్నా.
అది పొడిస్తే బాగుండేది కూడా పోద్ది.
గుండీ ఊడిందని
చొక్కా అంతా ఇప్పి కుట్టుకుంటామా?

తొమ్మిది ఇరవైతొమ్మిది.
ఆమె ఫోన్లో ఎవరో
బోటు నెక్కు కత్తిరిస్తా ఉండారు.
తొమ్మిదిన్నర.
కత్తెర నోరు తెరిచింది తెరిచినట్టే నిలబడిపోయింది.
నా ఫోన్లో మాత్రం నెట్టు పారతానే ఉండాది.
పక్కగదిలో పిల్ల ఫోన్లో ఎవరివో నవ్వులు.

అప్పుడు తెలిసింది, తప్పు లైనుది కాదు.
రౌటరు బోర్లేసి, దుమ్ము తుడిచి,
అడుగున అంటించిన పాస్‌వర్డు చదివి
లోపలికి పొయ్యా.
వెతగ్గా వెతగ్గా పేరెంటల్ కంట్రోలని ఒక పేజీ,
అందులో ఒకే ఒక్క వరస:
పన్నెండు అక్షరాలు, రెండేసి చొప్పున, నడుమ చుక్కలు.
దానికెదురుగా
రాత్రి తొమ్మిదిన్నర మొదలు తెల్లారి అయిదు దాకా
ఆపు.

"ఇది మీరు పెట్టిందేనా?"
కొంచెంసేపు మాట్లాడలా.
"ఇంటరు పరీక్షలప్పుడు నాయనా,
మా హిమజకని పెట్టించినా."
"ఆ ఫోనేదీ?"

తన చేతిలోకే చూసుకుంది.
రిజల్ట్సు వచ్చినాక పిల్లకు కొత్తది కొనిచ్చి
పాతది తను తీసుకుందంట.

రౌటరుకు మనిషి తెలవదు.
వయసు తెలవదు, పరీక్షలయిపోయినాయనీ తెలవదు.
ఆ పన్నెండక్షరాలు ఎవరి చేతిలో ఉంటే
వాళ్ళనే గుమ్మం కాడ నిలబెట్టుద్ది.
తనేసిన దడికి అవతల
నెల్లాళ్ళు తనే నిలబడి
లోపల ఎవరూ లేరేమో అనుకుంది.

పక్కగదిలో నవ్వులు ఆగినాయి.
తలుపు సందులో ఒక కన్ను.
ఆ కన్నుకు ఇదంతా ముందే తెలుసు.

అడగాల్సింది అడిగినా:
"దీన్ని తీసి కొత్త ఫోనుకు పెట్టమంటారా?"

ఆమె సూదిని పెదాల మధ్య పెట్టుకుంది.
వంకె దిక్కు చూసింది.
సూది తీసింది.
"పోయినేడు ఆది జాకెట్టు చూసి కుట్టి
ఈయేడు బిగుతాయెనని ఏడవడమెందుకు.
ఒళ్ళు పెరిగింది గదా.
కుట్లు ఇప్పెయ్."

మళ్ళీ అంతలోనే గొంతు పెంచి,
"ఏమే, దాక్కుంటావేం, నువ్వే వచ్చి ఇప్పు.
నీకన్నీ తెలుసు గదా, నాకు చెప్పడం తప్ప."

పిల్ల వచ్చింది, తల ఎత్తకుండా.
వేలు పెట్టింది.
డిలీట్ చెయ్యాలా, నిజంగానా, అని అడిగింది తెర.
ఆ ప్రశ్నకు ముగ్గురం
ఒకరి మొగం ఒకరు చూసుకున్నాం.

తొమ్మిదీ యాభై.
కత్తెర నోరు మూసింది,
గుడ్డ రెండయింది.
"పన్నెండు దాటనిస్తే మాత్రం చూడు" అని గొణుగుతానే
మాలకొండమ్మ ఫోను మిషనుకు ఆనించి
కళ్ళజోడు పెట్టుకుంది.
పిల్ల ఎనక నిలబడి
"అమ్మా, అక్కడ ఒక ఇంచీ వదలాలంట" అనింది.

తిరిగొచ్చేటప్పుడు గేటు ఎత్తే ఉంది.
అయినా అలవాటుకొద్దీ
బ్రేకు మీద కాలేసినా.

తెల్లారి ఆఫీసు పుస్తకంలో
అయిదో టిక్కు పెట్టి
ఏం రాయాలో తోచక
నేనూ అదే రాసినా:
లైను బాగుంది.